ట్రయథ్లాన్ సాధన చేస్తూ చుట్టుపక్కల వారిని కదిలించడం ఎలా?

చుట్టుపక్కల వారిని మొదటిసారి నేను పరుగుకు పిలిచినప్పుడు పదకొండు మంది వచ్చారు. "నెమ్మదిగానే పరిగెడదాం, ఎవరూ కంగారు పడవద్దు" అని చెప్పి బయలుదేరదీశాను. నా లెక్కలో అది నిజంగా నెమ్మదే, కిలోమీటరుకు ఏడు నిమిషాలు. నాలుగు వందల మీటర్లు దాటకముందే ఒకావిడ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగిపోయారు. పక్కన ఉన్నాయన మాట బయటికి రాక, మొహమాటంగా నవ్వుతూ, మీరు వెళ్లండి అన్నట్టు చెయ్యి ఊపారు. మరుసటి వారం ముగ్గురే వచ్చారు. ఆ పై వారం నేనూ నా గడియారమూ మిగిలాం.

తప్పెక్కడుందో తెలియడానికి నాకు చాలా నెలలు పట్టింది. తేలిక అన్న మాటను నా ఊపిరితో కొలిచి వాళ్ల మీద రుద్దాను. ఈత, సైకిల్, పరుగు కలిసిన ట్రయథ్లాన్‌కు సిద్ధమయ్యేవారి వారంలో ఒక విశ్రాంతి రోజు, రెండు మూడు తేలిక రోజులు తప్పకుండా ఉంటాయి. మనకు విశ్రాంతి అనిపించే నడక, అప్పుడే ఇల్లు కదిలినవారికి ఆ వారంలోకెల్లా పెద్ద సాధన. ఆ రెండూ కలిసే గంటను పట్టుకోగలిగితే మీ సాధన చెడదు, పదిమందికీ మేలు జరుగుతుంది. ఈ మార్గదర్శి అంతా ఆ గంట చుట్టూ తిరుగుతుంది. మధ్యలో రేసుకు కావలసినదంతా చెబుతాను.

1. ముందు వారాన్ని లెక్క వేయండి, తర్వాత దూరం ఎంచుకోండి

ట్రయథ్లాన్ అంటే ఈత, సైకిల్, పరుగు. ఈ వరుసలోనే, మధ్యలో గడియారం ఆగకుండా. బాగా వాడుకలో ఉన్న దూరాలు నాలుగు. స్ప్రింట్‌లో 750 మీటర్ల ఈత, 20 కి.మీ. సైకిల్, 5 కి.మీ. పరుగు. ఒలింపిక్ దూరం దానికి సరిగ్గా రెట్టింపు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లోకి ఈ ఆట అడుగు పెట్టింది ఆ దూరంతోనే. హాఫ్ అంటే 1.9 కి.మీ. ఈత, 90 కి.మీ. సైకిల్, 21.1 కి.మీ. పరుగు. ఫుల్ అంటే 3.8, 180, 42.2. దాన్ని సాధారణంగా 17 గంటల్లోపు ముగించాలి.

కొత్తవారిలో సగం మంది ఫుల్ దూరం గురించి విని, దానికి తక్కువైతే ట్రయథ్లానే కాదనుకుంటారు. ఆట పుట్టుక అంత భీకరంగా ఏమీ లేదు. 1974 సెప్టెంబరు 25, బుధవారం సాయంత్రం అమెరికాలోని శాన్ డియాగోలో, మిషన్ బే ఒడ్డున ఒక పరుగు క్లబ్బు వాళ్లు మార్పు కోసం పెట్టుకున్న పోటీ అది. 46 మంది ముగించారు. చీకటి పడటంతో చివరివారికి దారి కనిపించేలా కార్ల దీపాలు వేశారట. ఒళ్లు హూనం చేసే ఫుల్ దూరం నాలుగేళ్ల తర్వాత వచ్చింది. 1978 ఫిబ్రవరి 18న హవాయిలోని ఒవాహు దీవిలో జాన్, జూడీ కాలిన్స్ దంపతులు అక్కడి మూడు వేర్వేరు పోటీలను ఒక్క రోజులోకి కుదించారు. 15 మంది బయలుదేరితే 12 మంది ముగించారు.

ఈత ఇప్పటికే వచ్చినవారికి స్ప్రింట్ కోసం వారానికి నాలుగు నుంచి ఆరు గంటలు, పది పన్నెండు వారాలు చాలు. ఒలింపిక్ దూరానికి ఆరు నుంచి ఎనిమిది గంటలు. హాఫ్‌కు ఎనిమిది నుంచి పన్నెండు. ఫుల్‌కు పన్నెండు పైమాటే, అదీ ఆరు నెలలకు తగ్గకుండా.

ఒక కాగితం మీద వారంలోని 168 గంటలూ గళ్లుగా గీయండి. ఉద్యోగం, నిద్ర, ఇంటి పనులు నింపండి. మిగిలిన గళ్లలో సాధన నింపబోయే ముందు ఒక్క గడిలో "నడక బృందం" అని రాయండి. అది ముందే రాయకపోతే ఎప్పటికీ రాయరు. అందరికీ వీలయ్యేది, మీకు విశ్రాంతి రోజు అయ్యేది చూసి ఎంచుకోండి. దీర్ఘ సైకిల్ సాధనకు మరుసటి రోజు ఉదయం నాకు బాగా కుదిరింది. కాళ్లు ఎలాగూ మొండికేస్తాయి కాబట్టి వేగం పెంచాలన్న పురుగు తొలవదు.

ఫుల్ దూరానికి సిద్ధమయ్యే ఏడాది కొత్తగా బృందం మొదలుపెట్టకండి. అప్పటికే నడుస్తున్న బృందంలో ఒకరిగా చేరండి, చాలు. రెండు బరువులూ ఒకేసారి ఎత్తుకుని రెంటినీ మధ్యలో దించేసినవారిని చూశాను.

2. వైద్యుని దగ్గరికి ఒకసారి

అమెరికాలో 1985 నుంచి 2016 వరకు ట్రయథ్లాన్లలో జరిగిన ఆకస్మిక మరణాలను, గుండె ఆగిన ఘటనలను పరిశీలించిన అధ్యయనం ఒకటి 2017లో వెలువడింది. ప్రమాదాల్లో గాయపడి పోయినవారితో కలిపి మొత్తం 135 ఘటనల్లో 90 ఈతలోనే జరిగాయి. ఎక్కువ మంది పురుషులు, సగటు వయసు నలభైల మధ్యలో. లక్ష మంది పాల్గొంటే ఇద్దరి కంటే తక్కువే కాబట్టి భయపడి మానుకోవలసిన అంకె కాదు. కానీ నలభై దాటినవారు, ఇంట్లో చిన్న వయసులోనే గుండె జబ్బు వచ్చినవారున్నవారు, శ్రమ పడినప్పుడు ఛాతీలో పట్టేసినట్టు ఉండేవారు, కళ్లు తిరిగేవారు పరీక్షలు చేయించుకోకుండా నీళ్లలోకి దిగవద్దు. బృందంలోకి వచ్చేవారిని కూడా మొదటి రోజు ఇవే మాటలు అడగాలి. చాటుగా, ఒక్కొక్కరినే అడగండి. పదిమందిలో అడిగితే ఎవరూ నిజం చెప్పరు.

3. ఈత: రేసులో కష్టం ఇక్కడే, ఊరికి ఉపయోగమూ ఇక్కడే

కొలనులో నలభై సార్లు అటూ ఇటూ తిరగగలిగినవారు కూడా చెరువులోనో సముద్రంలోనో యాభై మీటర్లకే బెంబేలెత్తిపోవచ్చు. అడుగున నల్లని గీత ఉండదు. పట్టుకోవడానికి గోడ ఉండదు. పక్కవారి మోచెయ్యి కళ్లద్దాలకు తగులుతుంది. నీళ్లు చల్లగా ఉంటే ఛాతీ ఒక్కసారిగా బిగుసుకుని ఎగఊపిరి వస్తుంది. ఆ ఎగఊపిరి ఒకటి రెండు నిమిషాల్లో తగ్గుతుందని ముందే తెలిసి ఉంటే సగం భయం పోతుంది. రేసు రోజున ఈత మొదలుకాక ముందే, నిర్వాహకులు అనుమతిస్తే, ముఖం నీళ్లలో పెట్టి ఊపిరి వదలడం ఐదారు సార్లు చేయండి.

దారి చూసుకోవడం వేరే విద్య. ఆరు నుంచి ఎనిమిది బారలకోసారి, మొసలి కళ్లు మాత్రమే పైకి తేల్చినట్టు, నుదురు ముందుకెత్తి గుర్తు బంతిని చూడాలి. వెంటనే తల పక్కకు తిప్పి ఊపిరి తీసుకోవాలి. తల పూర్తిగా ఎత్తితే నడుము మునుగుతుంది, రెట్టింపు అలసట. బంతి చిన్నగా ఉండి కనిపించకపోతే దాని వెనక ఒడ్డున ఉన్న పెద్ద చెట్టునో భవనాన్నో గుర్తు పెట్టుకోండి.

భయం వేసినప్పుడు ఏం చేయాలో కూడా సాధన చేయాలి. వెల్లకిలా తిరిగి, చేతులు చాచి, ఆకాశం చూస్తూ ఇరవై ఊపిర్లు. ఆ తర్వాత కావాలంటే ముందుకు, లేదంటే చెయ్యెత్తి పడవ వాళ్లను పిలవడం. చాలా పోటీల్లో పడవనో తేలే బంతినో పట్టుకుని సేద తీరవచ్చు, అది పట్టుకుని ముందుకు జరగనంత వరకూ తప్పు కాదు. బయటి నీళ్లలో ఒంటరిగా ఎప్పుడూ ఈదకండి. నడుముకు కట్టుకునే మెరిసే రంగు గాలి బంతిని వెంట ఉంచుకోండి.

ఆ వెల్లకిలా తేలడమే మీరు పదిమందికి పంచగలిగిన అన్నిటికంటే విలువైన నేర్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో నీట మునిగి సుమారు 3 లక్షల మంది చనిపోయారు. పోయినవారిలో చిన్న పిల్లలు చాలా ఎక్కువ. అయితే ఒక మాట. ట్రయథ్లాన్ చేసినంత మాత్రాన ఎవరూ ఈత నేర్పే గురువు కాలేరు. శిక్షణ పొందిన లైఫ్‌గార్డ్, ఈత శిక్షకుడు ఉన్న కొలనులో మాత్రమే పిల్లలకు నేర్పే కార్యక్రమం పెట్టించండి. మీ పని సాయం చేయడం. నీళ్లలో నిలబడి ఒక్కో పిల్లవాడి తల కింద అరచెయ్యి ఉంచాలి. చెవులు నీళ్లలో మునిగేదాకా తల వెనక్కి వాల్చమనాలి. మెడ బిగబట్టిన పిల్లవాడు మునుగుతాడు. మెడ వదిలేసిన క్షణంలో నడుము దానంతట అదే పైకి తేలుతుంది, చేతికి తెలిసిపోతుంది. అప్పుడు అరచెయ్యి ఒక్క వేలంత కిందికి దించితే వాడు సొంతంగా తేలుతున్న సంగతి వాడికే తెలియదు. పది లెక్కపెట్టి చెప్పండి.

ఒడ్డున కూర్చున్న పెద్దలకు నేర్పవలసినది వేరు. మునుగుతున్న వ్యక్తిని చూసి ఈత రాని వాళ్లు నీళ్లలోకి దూకితే ఒకరికి బదులు ఇద్దరు పోతారు. కర్రో తువాలో అందించండి, అందకపోతే తేలే వస్తువేదైనా విసరండి, గట్టిగా అరిచి సాయం పిలవండి. ఖాళీ నీళ్ల డబ్బాకు మూత బిగించి తాడు కట్టి విసరడం ఒక ఆటగా పెడితే పిల్లలూ పెద్దలూ పోటీపడి నేర్చుకుంటారు.

నీటి నాణ్యత సంగతి కూడా ఈతగాళ్లకే ముందు తెలుస్తుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వానల తర్వాత సెన్ నదిలో సూక్ష్మజీవులు ఎక్కువగా ఉన్నాయని పురుషుల ట్రయథ్లాన్‌ను ఒక రోజు వాయిదా వేశారు. పెద్ద వాన పడ్డాక ఒకటి రెండు రోజులు బయటి నీళ్లలోకి దిగవద్దు. మురుగు కలిసే చోటు కనిపిస్తే ఫొటో, తేదీ, చోటు రాసి స్థానిక సంస్థకు పంపండి. ఆ నీళ్లను మీరు వారానికి ఒకసారి తాకుతారేమో, ఒడ్డున ఉండేవారు రోజూ తాకుతారు.

4. సైకిల్

రేసు సమయంలో సగం సైకిల్ మీదే గడుస్తుంది కాబట్టి సాధన గంటల్లోనూ సగం దానికే వెళ్తుంది. చెప్పడానికి మాత్రం తక్కువ. సీటు ఎత్తు సరిచేయించుకోండి. పెడల్ అడుగున ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. వారానికి ఒకసారి దీర్ఘ సాధన, ఒకసారి ఎత్తుపల్లాలు. రెండు వారాలకోసారి సైకిల్ దిగిన వెంటనే పది పదిహేను నిమిషాల పరుగు. దీన్ని బ్రిక్ అంటారు. మొదటిసారి కాళ్లు కొయ్యల్లా ఉంటాయి, నాలుగోసారికి తగ్గుతుంది. రేసులో సైకిల్‌ను స్టాండు నుంచి తీయక ముందే హెల్మెట్ పెట్టుకుని బెల్టు బిగించాలి. ఈ ఒక్క నియమం తప్పి శిక్ష పడినవారు ఎందరో. ట్రాన్సిషన్‌లో, అంటే ఒక ఆట నుంచి మరో ఆటకు మారే చోట, సైకిల్ ఎక్కకూడదు, గీత దాటాకే ఎక్కాలి.

దీర్ఘ సాధనల్లో మీరు చూసినన్ని రోడ్లు ఆ ఊళ్లో మరెవరూ చూడరు. ఎక్కడ గొయ్యి ఉంది, ఏ మలుపులో దీపం లేదు, బడి ముందు పిల్లలు రోడ్డు దాటే చోట వాహనాలు ఎంత వేగంగా వస్తాయి, ఇవన్నీ మీ ఒంటికే తెలుసు. ఇంటికి రాగానే మూడు నిమిషాలు కూర్చుని రాయండి. నెలకొకసారి ఆ జాబితాను పురపాలక కార్యాలయంలో ఇవ్వండి, రసీదు తీసుకోండి. వేగం గ్రాఫులు పదిమందికి చూపించే బదులు ఈ జాబితా చూపిస్తే వినేవాళ్లు పెరుగుతారని నా అనుభవం.

బృందంలో ఎవరి ఇంట్లోనో మూలన పడి ఉన్న సైకిల్ ఒకటి ఖాయంగా ఉంటుంది. పంక్చర్ వేయడం, గొలుసుకు నూనె పెట్టడం, బ్రేకు బిగించడం మీకు ఎలాగూ వచ్చు. నెలకొక పూట ఆ పని పెట్టుకోండి. తొక్కేవాళ్లు లేక కాదు, టైరులో గాలి లేక చాలా సైకిళ్లు ఆగిపోతాయి.

5. పరుగు, దానికంటే ముందు నడక

మీ పరుగు సాధనలో ఐదు వంతుల్లో నాలుగు వంతులు, పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగంలోనే ఉండాలి. ఓర్పు క్రీడల్లో అగ్రశ్రేణి వారి శిక్షణ తీరు కూడా దాదాపు ఇదే. మిగిలిన ఒక వంతే కష్టంగా చేయాలి. మధ్యస్థంగా రోజూ ఆయాసపడుతూ పరిగెత్తేవారికి అలసటే మిగులుతుంది, వేగం రాదు. దూరాన్ని నెమ్మదిగా పెంచండి, నాలుగో వారం తగ్గించండి. పిక్కలో, మడమలో ఒక్క చోటే నొక్కితే నొప్పి ఉంటే ఆగండి.

ఇక ఆ నడక బృందం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల తీవ్ర శ్రమ చేయమంటుంది. 2022 అంచనా ప్రకారం ప్రపంచంలో 31 శాతం పెద్దలు, అంటే సుమారు 180 కోట్ల మంది, అంత కూడా కదలడం లేదు. వాళ్లలో చాలామందికి కదలాలని తెలుసు. మనలాంటి వాళ్లను చూసే, ఇదంతా బిగుతు బట్టలు వేసుకున్న వాళ్ల పని అనుకుని దూరంగా ఉంటారు. కాబట్టి బృందానికి వచ్చేటప్పుడు పతకాల చొక్కా వేసుకోకండి.

అనుసరించదగ్గ నమూనా ఒకటి ఉంది. 2004 అక్టోబరు 2న లండన్‌లోని బుషీ పార్కులో పాల్ సింటన్ హ్యూయిట్ అనే ఆయన గాయం వల్ల తాను పరిగెత్తలేని రోజుల్లో 13 మంది పరుగువాళ్లతో ఒక 5 కి.మీ. పరుగు పెట్టారు. తర్వాత పార్క్‌రన్ పేరుతో అది ఎన్నో దేశాలకు పాకింది. అందులో గొప్పతనం మూడు చిన్న విషయాల్లో ఉంది. రుసుము లేదు. ప్రతి వారం అదే చోటు, అదే సమయం. అందరికంటే వెనక నడవడానికి ఒక వాలంటీరు ఉంటారు, అందువల్ల వచ్చినవారెవరూ చివరివారు కారు.

ఆ చివరి స్థానం మీది. ముందు నడిచే పని ఎవరికైనా ఇవ్వండి, దారి తెలిస్తే చాలు. వెనక ఉన్నవారితో నడవడానికి ఓపిక కావాలి. నేను రెండోసారి మొదలుపెట్టినప్పుడు చేసిన మార్పు ఇదొక్కటే. వెనక నడుస్తుంటే మాటల్లో మాటగా ఎవరికి మోకాలు నొప్పో, ఎవరు రాత్రి నిద్రపోలేదో, ఎవరు వచ్చే వారం మానేయబోతున్నారో తెలుస్తుంది.

ఎనిమిది వారాల లెక్క ఇలా ఉంచండి. మొదటి రెండు వారాలు 20 నిమిషాల నడక, వారానికి మూడుసార్లు. ఒకసారి కలిసి, రెండుసార్లు ఎవరికి వారు. మూడు, నాలుగు వారాల్లో 30 నిమిషాలు. ఐదో వారం నుంచి ఇష్టపడినవారు మాత్రమే నాలుగు నిమిషాల నడకకు ఒక నిమిషం మెల్లని పరుగు కలుపుకుంటారు, మిగిలినవారు నడకనే నాలుగు రోజులకు పెంచుతారు. ఎనిమిదో వారానికి ఐదు రోజులు, రోజుకు 30 నిమిషాలు. 150 సరిపోయింది. కొలమానం గడియారం కాదు, మాటలు. ఎవరైనా మాట్లాడటం ఆపేస్తే బృందం వేగం ఎక్కువైనట్టే. మీరు మాట్లాడగలగడం లెక్కలోకి రాదు.

మూడో వారం, నాలుగో వారం మధ్య సగం మంది జారుకుంటారు. ప్రతిసారీ ఇంతే, మనసు కష్టపెట్టుకోకండి. రానివారికి "ఎందుకు రాలేదు?" అని పంపకండి. "రేపు ఆరింటికి అక్కడే ఉంటాను" అని పంపండి. ఇద్దరే వచ్చినా నడవండి. వాన వస్తే కప్పు కింద నిలబడి పావుగంట కాళ్లూ చేతులూ కదిలించండి. ఒక్క వారం మీరే మానేస్తే బృందం రెండు వారాలు మానేస్తుంది.

చేయకూడనివి కూడా ఉన్నాయి. ఎవరి బరువూ తూచవద్దు. ముందు, తర్వాత ఫొటోలు పెట్టవద్దు. మీరు వాడే పొడులు, మాత్రలు ఎవరికీ చెప్పవద్దు. మధుమేహానికి మందులు వాడుతున్నవారు, రక్తపోటు ఉన్నవారు మందు మార్చుకోవచ్చా అని అడిగితే సమాధానం ఒక్కటే: మీ వైద్యుణ్ణి అడగండి.

6. తిండి, నీళ్లు, వేడి

గంటకు మించి సాగే సాధనలో, రేసులో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండి పదార్థం కావాలి. రెండున్నర, మూడు గంటలు దాటితే గ్లూకోజు, ఫ్రక్టోజు కలిసిన వాటితో 90 గ్రాముల వరకు వెళ్లవచ్చు. కానీ పొట్టకు కూడా సాధన కావాలి. రేసు రోజున కొత్త ఎనర్జీ జెల్, కొత్త పానీయం, కొత్త బూట్లు, ఏదీ వద్దు.

నీళ్ల విషయంలో చాలామంది వాలంటీర్లు ప్రేమతో ప్రమాదం తెస్తారు. "తాగండి, ఇంకా తాగండి" అని బలవంతపెట్టడం తప్పు. 2002 బోస్టన్ మారథాన్ ముగించినవారిలో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండవలసిన దానికంటే తక్కువగా ఉంది. ముఖ్య కారణం అవసరానికి మించి తాగడం. పరుగు తర్వాత బరువు పెరిగినవారిలోనే ఇది ఎక్కువ. దాహం వేస్తే తాగండి, వేడిలో కొంచెం ముందు జాగ్రత్త పడండి, అంతే. వికారం, తలనొప్పి, వేళ్లు ఉబ్బడం, అయోమయం కనిపిస్తే ఇంకో గ్లాసు ఇవ్వకండి, వైద్య బృందాన్ని పిలవండి.

వేడికి ఒళ్లు అలవాటుపడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఎండలో శ్రమపడుతున్న వ్యక్తి పొంతన లేకుండా మాట్లాడినా, తూలినా వడదెబ్బే అనుకోండి. ఒళ్లు చెమటతో తడిసి ఉంది కదా అని పొరబడకండి, శ్రమ వల్ల వచ్చే వడదెబ్బలో చెమట ఉంటుంది. ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే ఆసుపత్రికి. చల్లని నీళ్ల తొట్టిలో మెడ దాకా కూర్చోబెట్టడం అన్నిటికంటే త్వరగా పనిచేస్తుంది. ఎవరైనా ఒకరు తలను పట్టుకునే ఉండాలి. తొట్టి లేకపోతే ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరండి.

ఇంకొకటి, దీని గురించి ఎవరూ నోరు విప్పరు. చాలినంత తినకుండా సాధన పెంచుకుంటూ పోతే ఎముకలు, హార్మోన్లు, నిద్ర, మనసు అన్నీ దెబ్బతింటాయి. స్త్రీలలో నెలసరి ఆగిపోవడం దానికి ముఖ్యమైన గుర్తు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీనికి ఒక పేరు పెట్టి, పురుషులకూ వస్తుందని చెప్పింది. బక్కచిక్కిన క్రీడాకారుణ్ణి చూసి "ఎంత బాగా తగ్గారో" అని మెచ్చుకునే అలవాటు మన బృందాల నుంచి పోవాలి.

7. గుండె ఆగితే

ఒక్క పూట కేటాయించి సీపీఆర్ నేర్చుకోండి, బృందంలో వీలైనంత మందికి నేర్పించండి. వ్యక్తి పలకడం లేదు, మామూలుగా ఊపిరి తీయడం లేదు అంటే అత్యవసర నంబరుకు ఫోన్ చేయించాలి, ఛాతీ మధ్యలో ఒక అరచేతి మడమ పెట్టి, దాని మీద రెండో చెయ్యి ఉంచి నొక్కడం మొదలుపెట్టాలి. లోతు 5 నుంచి 6 సెంటీమీటర్లు, వేగం నిమిషానికి 100 నుంచి 120. ప్రతి నొక్కు తర్వాత ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. శిక్షణ పొందినవారు 30 నొక్కులకు రెండు ఊపిర్లు ఇస్తారు, రానివారు నొక్కడం ఒక్కటే చేసినా చాలు. రెండు నిమిషాలకోసారి మనిషిని మార్చండి. మారథాన్‌లు పరిగెత్తే మనిషైనా అప్పటికి చేతులు పడిపోతాయి. మీ నడక దారిలో ఏఈడీ, అంటే ఆగిన గుండెకు విద్యుత్ షాక్ ఇచ్చే పరికరం, ఏ భవనంలో ఉందో, ఆ భవనం ఉదయం ఎన్నింటికి తెరుస్తారో ముందే కనుక్కోండి.

8. పోటీ పడే ముందు ఒక రేసులో పని చేయండి

ట్రాన్సిషన్ అంటే ఏమిటో చదివితే అర్థం కాదు. ఒక పోటీలో వాలంటీరుగా చేరి సైకిల్ స్టాండ్ల దగ్గర నిలబడితే రెండు గంటల్లో అర్థమవుతుంది. ఎవరు తువాలు పరుచుకుని వస్తువులు వాడే వరుసలో పెట్టారో, ఎవరు తమ సైకిల్ ఎక్కడుందో మరచిపోయి వరుసలన్నీ తిరుగుతున్నారో చూస్తారు.

నీళ్లు అందించడంలో కూడా నైపుణ్యం ఉంది. కప్పు సగమే నింపాలి. అంచు దగ్గర రెండు వేళ్లతో పైనుంచి పట్టుకుని, చెయ్యి పూర్తిగా చాచి, పరుగువారి కళ్లలోకి చూస్తూ "నీళ్లు" అని గట్టిగా అనాలి. వాళ్లు పట్టుకునే క్షణంలో చేతిని వాళ్లు వెళ్లే వైపే కొద్దిగా జరపాలి. గుప్పిట్లో బిగించి పట్టుకుంటే కప్పు నలిగి నీళ్లన్నీ మీ చొక్కా మీదే.

ఇంకాస్త బాధ్యత తీసుకోగలవారు మార్గదర్శక క్రీడాకారులుగా చేరవచ్చు. చూపు లేని క్రీడాకారులతో ఈతలోనూ పరుగులోనూ ఒక తాడుతో జతగా ఉంటారు, జంట సైకిల్‌పై ముందు సీటులో కూర్చుంటారు. లాగకూడదు, నెట్టకూడదు. వాళ్ల కంటే మీకు ఎక్కువ సత్తా ఉండాలి, ఎందుకంటే రేసంతా మాట్లాడుతూనే ఉండాలి: "మూడడుగుల్లో ఎత్తు, కుడికి మలుపు, ఇప్పుడు". పారాట్రయథ్లాన్ 2016 రియో పారాలింపిక్స్‌లో చేరింది. 2020లో ఫ్లోరిడాలో క్రిస్ నికిచ్ మార్గదర్శకుడితో కలిసి 16 గంటల 46 నిమిషాల 9 సెకన్లలో ఫుల్ దూరం ముగించి, డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో ఆ ఘనత సాధించిన మొదటి వ్యక్తి అయ్యారు.

విరాళాల సేకరణ గురించి కూడా అడుగుతారు. చేయవచ్చు. డబ్బు ఎవరికి, ఎంత వెళ్లిందో చివరి పైసా దాకా రాసి చూపించండి. రేసు ప్రవేశ రుసుము, ప్రయాణం అందులోంచి తీయకండి. నా దృష్టిలో ఇది చివరి మెట్టు, మొదటిది కాదు.

9. చివరి రెండు వారాలు, ఆ తర్వాతి ఉదయం

రేసుకు రెండు వారాల ముందు నుంచి సాధన పరిమాణాన్ని సగానికి దగ్గరగా తగ్గించండి, అక్కడక్కడ చేసే వేగం మాత్రం తగ్గించకండి. కాళ్లు ఊరకే ఉండి దురద పెడుతున్నట్టుంటుంది. కోపం వస్తుంది, లేని నొప్పులు కనిపిస్తాయి. అందరికీ అంతే. ఆ రెండు వారాలూ నడక బృందానికి మరింత సమయం దొరుకుతుంది, వాడుకోండి.

రేసు రోజున ఈతలో పక్కకు నిలబడి చివరగా బయలుదేరండి. సైకిల్ మీద చాలా తేలికగా ఉంది అనిపించే వేగంలో ఉండండి. పరుగులో మొదటి కిలోమీటరు అనుకున్నదానికంటే నెమ్మదిగా వెళ్లండి. జెల్ కాగితాలు రోడ్డు మీద పారేయకండి, నియమాల ప్రకారం శిక్ష పడుతుంది, ఊరివాళ్లు మళ్లీ రోడ్డు ఇవ్వరు.

మరుసటి ఉదయం మెట్లు దిగడం కష్టంగా ఉంటుంది. వెనక్కి తిరిగి, కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగండి. ఆరింటికి బృందం అదే చోట ఉంటుంది. ఆ రోజు అందరికంటే నెమ్మదిగా నడిచేది మీరే, కాబట్టి చివరి స్థానం వాలంటీరును వేరే ఎవరినైనా చూసుకోండి. మొదటి రోజు నాలుగు వందల మీటర్లకే వంగిపోయిన ఆవిడ, రెండోసారి పిలిచినప్పుడు సందేహిస్తూనే మళ్లీ వచ్చినావిడ, నాకు ఆ పని చేసి పెట్టారు. "నెమ్మదిగానే వెళ్దాం, కంగారు పడకండి" అన్నారు.